నల్లగొండ నీళ్ళూ, మనం పంపిన డబ్బూ

కిందటి ఉగాదికి మన సంఘం వాళ్ళందరం హైస్కూలు కెఫెటీరియాలో కలుసుకున్నప్పటి సంగతి. పచ్చడి పంచుతున్న బల్ల దగ్గర, కొత్తగా ఉద్యోగంలో చేరిన అబ్బాయి ఒకడు నిలబడి నవ్వుతూ మాట్లాడుతున్నాడు. మనలో దంతవైద్యులొకరు అతని వంక రెండు నిమిషాలు చూసి, పేరైనా అడక్కుండా, "ఏం బాబూ, మీది మునుగోడు వైపా, కనిగిరి వైపా?" అన్నారు. అబ్బాయి తెల్లబోయాడు. "మునుగోడు దగ్గరే సార్. మీకెట్ల తెలుసు?" అన్నాడు. ఆయన జవాబు చెప్పకుండా పచ్చడి కప్పు అందించారు. తరవాత మా దగ్గరికొచ్చి, "పై వరస పళ్ళ మీద గోధుమరంగు చారలు చూశారా? ఊరి పేరు అక్కడే రాసుంది" అన్నారు.

ఆ చారలు ఫ్లోరైడు వల్ల వచ్చినవని వైద్యులు కాని పాఠకులకూ తెలిసే ఉంటుంది. విచిత్రమేమిటంటే, ఊరందరూ తాగే నీళ్ళలో ఫ్లోరైడును కావాలని కలపడం ప్రపంచంలో మొట్టమొదట మొదలైంది మనం ఉంటున్న ఈ మిషిగన్‌లోనే. గ్రాండ్ రాపిడ్స్‌లో, 1945 జనవరి 25న. పిల్లల పళ్ళు పుచ్చకుండా ఉండాలని. అంతకు 8 ఏళ్ళ ముందే, 1937లో, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు షార్ట్, ఆయన సహచరులూ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు బిగుసుకుపోయిన మనుషుల్ని పరీక్షించి, ఆ జబ్బుకు కారణం బావి నీళ్ళలోని ఫ్లోరైడేనని ప్రకటించారు. ఆ పల్లెలు 1970 తరవాత ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. ఒకచోట కొలిచి కలుపుతుంటే మరొకచోట ఎట్లా తీసెయ్యాలా అని తల పట్టుకున్నారన్నమాట. (2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు నీళ్ళలో కలపడాన్ని నిషేధించాయి. ఆ తగాదా గురించి ఇంకో నెల రాస్తాం.)

మందు గురించి మాట్లాడేటప్పుడు మోతాదు చెప్పకపోతే మా వృత్తికి అర్థం లేదు గనక ఒక చిన్న లెక్క. ఈ దేశంలో 1962లో పెట్టిన ప్రమాణం ప్రకారం లీటరు నీళ్ళలో ఉండాల్సిన ఫ్లోరైడు ఊరి వేడిని బట్టి మారేది. చలి ఊళ్ళలో 1.2 మిల్లీగ్రాముల దాకా, ఎండ ఊళ్ళలో 0.7. ఎండలో మనిషి ఎక్కువ నీళ్ళు తాగుతాడు, అంతే కారణం. ఏసీ గదుల్లో కూర్చునే జనం ఎండ ఊళ్ళలోనూ దాదాపు ఒకేలా తాగుతున్నారని తేలాక, 2015లో అందరికీ 0.7 అన్నారు. భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా ఫరవాలేదంటుంది.

ఆ 1.5 నీళ్ళనే ఇద్దరికి ఇచ్చి చూద్దాం. ఆఫీసులో కూర్చునే మనలాంటి మనిషి రోజుకు 2 లీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది 3 మిల్లీగ్రాములు. మే నెల ఎండలో ఉపాధి పనిలో మట్టి తట్టలు మోసే మనిషి 6 లీటర్లు తాగితే 9 మిల్లీగ్రాములు. తిండీ టీ లెక్కలోకి తీసుకోకుండానే. అన్ని దారుల్లో కలిపి రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు సూచనలున్నాయనీ, 14 దగ్గర ముప్పు స్పష్టమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇది "ఫరవాలేదు" అన్న నీళ్ళ లెక్క. నల్లగొండ పల్లెల్లో అంతకు రెండింతలూ మూడింతలూ ఉన్న బోర్లు వింత కాదు. వాతావరణం వేడెక్కుతోందని చెప్పుకుంటున్నాం గదా, నీళ్ళలో ఫ్లోరైడు రవ్వంత పెరగకపోయినా, వేడి పెరిగితే బయట పనిచేసేవాడి ఒంట్లోకి పోయే మోతాదు పెరుగుతుంది. ఈ సంగతి వానల పుస్తకాల్లో ఉండదు, వైద్య పుస్తకాల్లోనూ పెద్దగా ఉండదు. రెండూ వేరువేరు శాఖలు.

మేము హైద్రాబాదులో హౌస్ సర్జన్లుగా ఉన్న రోజుల్లో ఒక పెద్దమనిషి వార్డుకు వచ్చాడు. పెద్దమనిషి అని మేమే అనుకున్నాం, కేసు షీటులో వయసు 46. మెడ తిప్పలేడు, పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. రెండు కాళ్ళూ చచ్చుబడుతున్నాయి. మా ప్రొఫెసరుగారు ఎక్స్‌రేని వెలుతురుకెత్తకముందే "ఏ ఊరయ్యా మీది?" అనడిగారు. మర్రిగూడ వైపు ఊరి పేరేదో చెప్పాడు. ఫిల్ము చూస్తే వెన్నెముక సుద్దముక్కలా తెల్లగా ఉంది. పూసల మధ్య ఉండే కట్లన్నీ గట్టిపడి, మొత్తం ఒకటే కడ్డీ అయిపోయింది. లోపలి నరాల తాడుకు చోటు లేదు. ఈ జబ్బును వెనక్కి తిప్పే మందు లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆపరేషనుకు ఆ ఇంటివాళ్ళు ఒప్పుకోలేదు. డిశ్చార్జి కాగితం మీద కాల్షియం మాత్రలు, వ్యాయామం, "మంచినీళ్ళు తాగవలెను" అని రాసి పంపించాం.

ఏ నీళ్ళో మేము రాయలేదు. ఆయన అడగనూ లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రోజుల్లో మా హాస్టల్లో మేము తాగిన కృష్ణ నీళ్ళు, 2004 నించి నల్లగొండ జిల్లా అక్కంపల్లి జలాశయం దగ్గర ఎత్తి పైపుల్లో నగరానికి తెచ్చినవి. ఆయన జిల్లా మీదుగా వచ్చిన నీళ్ళు తాగుతూ ఆయనకు మంచినీళ్ళు తాగమని రాశామన్నమాట.

ఈ కథలో బోరింగును దుర్మార్గుణ్ణి చెయ్యడం సులువు. కాని ఏమాటకామాటే చెప్పుకోవాలి. నారికురుపు అనే జబ్బు మన సంఘంలోని పెద్దవాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. దిగుడు బావిలో కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకునే చోట, ఒకరి కాలిపుండులోంచి పురుగు నీళ్ళలో పిల్లలు పెట్టేది. ఆ నీళ్ళు తాగిన మరొకరి కాలిలోంచి ఏడాదికి దారంలా బయటికొచ్చేది. 1966, 67 కరువు తరవాత రాతినేలను తొలిచే యంత్రాలు వచ్చి, ఊరూరా మూతబడిన చేతిపంపు పెట్టాక, ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగాక ఆ జబ్బు పోయింది. దేశంలో చివరి కేసు 1996లో. దిగుడు బావులు మూసి "బోరు నీళ్ళే తాగండి" అని ఊళ్ళలో చెప్పింది మా వాళ్ళే, అంటే డాక్టర్లే. నీళ్ళు తేటగా ఉన్నాయి, క్రిములు లేవు. రాయి అందులో ఏం కలిపిందో అడిగిన వాళ్ళు తక్కువ.

ఫ్లోరైడు బోరుతోనే పుట్టిందనీ కాదు. హైద్రాబాదు వైద్యుడు సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ రోగుల గురించి రాశారు. అప్పుడు ఉన్నవి చేదబావులూ మోటబావులూ. తేడా ఎక్కడంటే, మోటబావి నీళ్ళు ఏటేటా వానకు కొంత మారతాయి. బోరు లోతుకు పోయేకొద్దీ నల్లసేనపు రాతి సందుల్లో ఏళ్ళ తరబడి నిలవున్న నీళ్ళు తగులుతాయి. అన్నాళ్ళూ రాతిలోని ఖనిజాలు కరుగుతూనే ఉంటాయి. ఫ్లోరైడును పట్టి కిందికి దించేది కాల్షియం. నీళ్ళలో కాల్షియం తగ్గి సోడా గుణం పెరిగితే ఫ్లోరైడుకు అడ్డం ఉండదు. 2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చింది, 2018 నించి తెలంగాణలో 24 గంటలూ వచ్చింది. రైతుకు అది ఊపిరి, కాదనం. కాని ఏ ఊళ్ళోనైనా అడగండి, తాతల కాలంలో 30 అడుగుల బావి, ఇప్పుడు వెయ్యి అడుగుల బోరు.

దీనికి విరుగుళ్ళు వెతకలేదని కాదు. నాగపూర్ వాళ్ళు 1970లలో పటికా, సున్నమూ, బ్లీచింగు పౌడరూ కలిపి ఫ్లోరైడును పేర్చే పద్ధతి కనిపెట్టి దానికి "నల్లగొండ పద్ధతి" అనే పేరే పెట్టారు. ఒక జిల్లాకు ఇంతకన్న విచారకరమైన కీర్తి ఉంటుందా? బకెట్లో రోజూ కొలిచి కలిపే ఓపిక ఇంటి ఇల్లాళ్ళకు ఎన్నాళ్ళుంటుంది, అడుక్కు దిగిన మడ్డిని ఎక్కడ పారబోస్తారు అన్న దగ్గర అది ఆగింది.

ఇక మన సంగతి. 2017లో మేము ఆరు కుటుంబాల వాళ్ళం చందాలు వేసుకుని మర్రిగూడ వైపు ఒక ఊరికి శుద్ధినీటి ప్లాంటు పెట్టించాం. ఊరి పేరు రాయడం లేదు, ఊరివాళ్ళ తప్పేమీ లేదు గనక. వార్డులో చూసిన ఆ మనిషే మా మనసులో ఉన్నాడు. గోడ మీద మా పేర్లతో పాలరాతి పలక, రిబ్బను, ఫోటోలు. ఈ పత్రికలోనూ రాశాం, మురిసిపోతూ. 20 లీటర్ల క్యాను 5 రూపాయలు.

2023 డిసెంబరులో పిల్లాణ్ణి తీసుకుని చూడబోయాం. ప్లాంటు నడుస్తూనే ఉంది, శుభ్రంగానే ఉంది. మా పిల్లాడు వెనక్కి ఆడుకోవడానికి వెళ్ళి, "నాన్నా, ఇక్కడ నీళ్ళు లీకవుతున్నాయి" అని పిలిచాడు. లీకు కాదు. మిషను వదిలేసిన నీళ్ళు. ఒక క్యాను మంచినీళ్ళు తీస్తే, దాదాపు అంతో, ఇంకా ఎక్కువో, ఆ ఫ్లోరైడంతా నింపుకుని వెనక గొట్టంలోంచి పోతాయి. ఆ నీళ్ళు పాయగా పారి పక్కనున్న చిన్న గుంటలో చేరుతున్నాయి. గుంటలో ఊరి బర్రెలు. గుంటకు ఇరవై గజాల్లో ప్లాంటు బోరు. ఫ్లోరైడును తీసి, ముద్దగా చేసి, మళ్ళీ అదే నేలకు తాగిస్తున్నామన్నమాట, ఆరేళ్ళుగా.

ప్లాంటు చూసుకునే రిటైర్డ్ పంతులుగారు మొహమాటంగా నవ్వి, "ఎండకాలం బోరు ఎండుతది సార్. ఇప్పటికి రెండుసార్లు ఇంకా లోతుకు దింపినం. పాత బోరు కంటె దీని నీళ్ళే పాడు" అన్నారు. నదినీళ్ళ నల్లా ఇంటింటికీ వచ్చింది గదా అనడిగితే, వచ్చిందనీ, కాని జనం నాలిక క్యాను నీళ్ళకు అలవాటు పడిందనీ, నల్లా నీళ్ళను చాలామంది అంట్లకు వాడుతున్నారనీ చెప్పారు. ఆ అలవాటు చేసినవాళ్ళలో మేమూ ఉన్నాం.

నల్లా గురించి చిన్నచూపు వద్దు. 2016లో మొదలైన మిషన్ భగీరథ నదినీళ్ళను ఊళ్ళకు తెచ్చింది. తెలంగాణలో ఫ్లోరైడు పీడిత ఆవాసాలు మిగల్లేదని 2020లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఇప్పుడు పుట్టే పిల్లల ఎముకలకు ఇంతకన్న మేలు చేసిన మందును మేము ఎరగం. అయితే ఆ లెక్క మంచినీళ్ళ సరఫరాది. నేలలో నీళ్ళు మారలేదు. పొలంలో కూలీ మధ్యాహ్నం తాగేది బోరు నీళ్ళే, బర్రె తాగేది అదే, వరి తాగేదీ అదే.

వరి దగ్గర కాస్త ఆగాలి. హైద్రాబాదు పక్కన మహేశ్వరంలో ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రజ్ఞులు ఫ్రెంచివాళ్ళతో కలిసి ఏళ్ళ తరబడి భూగర్భజలాన్ని పరిశీలించారు. వాళ్ళు చూపించిన చక్రం ఇది. బోరు నీళ్ళు వరిమడిలో పెడతాం. ఎండకు సగం ఆవిరవుతాయి. ఫ్లోరైడు ఆవిరి కాదు. మిగిలిన నీళ్ళలో కాల్షియం సున్నపురాయిగా మట్టిలో పేరుకుంటుంది. చిక్కబడ్డ నీళ్ళు నేలలోకి ఇంకి, మళ్ళీ అదే బోరులోకి. రెండో పంటకు మళ్ళీ. కషాయం కాచినట్టే. వేడి ఎంత పెరిగితే అంత చిక్కన. అంటే ఏ పంట వేశామన్నది ఎవరి వెన్నెముక ఎట్లా ఉంటుందన్న దాంట్లో కలిసి ఉంది. మనకేమో వ్యవసాయ శాఖ ఒకటి, భూగర్భజల శాఖ ఒకటి, మంచినీళ్ళ శాఖ ఒకటి, ఆరోగ్య శాఖ ఒకటి.

నదినీళ్ళు తెస్తే అన్నీ తీరిపోతాయా అంటే, ఒక పాత ముచ్చట ఉంది. నాగార్జునసాగర్ నీళ్ళు 1967లో కాలువల్లోకి వదిలారు. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఫ్లోరైడు ప్రాంతాల్లో కుర్రవాళ్ళకు మోకాళ్ళు లోపలికి వంగిపోయే కొత్త రూపం కనిపిస్తోందని. ఆనకట్ట వల్ల ఊటనీరు పైకొచ్చి, నేల గుణం మారి, జొన్నలో చేరే లోహాలు మారి, ఒంట్లో రాగి తగ్గి ఇట్లా అయిందేమోనని ఊహించారు. ఊహ నిజమో కాదో పక్కన పెడదాం. ఆనకట్ట కట్టిన ఇంజనీరుకు జొన్నరొట్టె తినేవాడి మోకాలు గుర్తుకు రాదు గదా, అది ఆయన తప్పా?

ఇప్పుడు వాన. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందెన్నడూ నమోదు కానంత. ఆ మరుసటి ఆగస్టు, దేశం మొత్తానికి, 1901 నించి లెక్కలున్నంత కాలంలో అతి పొడి ఆగస్టు. ఒకే కారులో రెండూ. గంటల్లో పడి పోయే వానను రాతినేల తాగలేదు. కాస్త నిలబెట్టి మెల్లగా ఇంకనిస్తేనే కొత్త నీరు కిందికి పోయి పాత నీటిని పలచన చేస్తుంది. మనవాళ్ళు చెరువులు కట్టింది ఇందుకే. కాకతీయుల పాకాల, రామప్ప, లక్నవరం పేర్లు అందరికీ తెలుసు. కాని గొప్పతనం పెద్ద చెరువుల్లో కన్న గొలుసుకట్టులో ఉంది. పై చెరువు అలుగు దూకితే కింది చెరువుకు, అక్కణ్ణించి కుంటకు, చివరికి వాగుకు. తెలంగాణలో ఇట్లాంటివి 46 వేలకు పైగా లెక్కతేలాయి, 2015 నించి చాలా వాటిలో పూడిక తీశారు. మేము చూసిన ఊరి చెరువూ తీశారు, కట్ట బాగుంది, తూము బాగుంది. పై నించి నీళ్ళొచ్చే కాలువ మాత్రం ఎప్పుడో చదునై దాని మీద ప్లాట్లు పడ్డాయి.

చెరువు కూడా సర్వరోగ నివారిణి కాదు. నీళ్ళు ఇంకకుండా ఎండకాలమంతా నిలిచి ఆవిరైతే అదీ కషాయమే. అసలు కిటుకు నీళ్ళ కన్న లెక్కలో ఉంది. మా తాతగారు "తైబందీ" అనే మాట వాడేవారు. యాసంగికి ముందు చెరువులో ఎంత నీరుందో చూసి, ఈసారి ఇన్ని ఎకరాలకే నీళ్ళు అని తేల్చడం. నీరటికాడు తూము తీసేది ఆ లెక్కనే. చెరువు నీరు కళ్ళకు కనిపిస్తుంది గనక ఊరు ఒప్పుకునేది. బోరు నీరు కనిపించదు గనక ఎవరి అదృష్టం వారిది. 2002లో వాల్టా చట్టం వచ్చింది, బోరుకు బోరుకు దూరం ఉండాలంది. అది కాగితం.

కనిపించని నీటికి తైబందీ చేసిన వాళ్ళు మాత్రం ఉన్నారు. 2003 నించి 2010 దాకా నల్లగొండ, ప్రకాశంతో సహా ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, రైతులే, వాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది, వానమాపకం చూసి రాసుకున్నారు. బావుల్లో నీటిమట్టం కొలిచారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని, నేలలో ఇంత నీరుంది, మనం వెయ్యబోయే పంటలకు ఇంత కావాలి అని గోడ మీద రాసి చూశారు. ఎవరి బోరూ ఎవరూ మూయించలేదు. లెక్క చూసి కొందరు వరి మానారు, తక్కువ నీటి పంటలకు మళ్ళారు. మేము చదివిన వాటిల్లో మందుచీటీకి అతి దగ్గరగా ఉన్నది ఇదే.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, ఆ ఊరినించి రెండో ప్లాంటుకు చందా అడుగుతూ ఉత్తరం వచ్చింది. మే నెల సమావేశంలో మేము వద్దన్నాం. దాని బదులు, మొదటి ప్లాంటు వదిలే నీళ్ళను గుంటలోకి పోనీకుండా సిమెంటు తొట్టిలోకి తిప్పి ఎండబెట్టడం, బడి పైకప్పు వాన నీళ్ళకు ఒక తొట్టి (వంద చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు, ఫ్లోరైడు సున్న), ఫ్లోరైడు పరీక్ష పెట్టె, ఒక వానమాపకం, పిల్లలకు రాగిజావా పాలూ, ఆ కాలువ తిరిగి తవ్వడానికి పంచాయతీ ముందుకొస్తే మన వంతు సొమ్ము అన్నాం. చింతపండు తింటే ఫ్లోరైడు మూత్రంలో ఎక్కువగా పోతుందని హైద్రాబాదు పోషకాహార సంస్థ వాళ్ళు పిల్లల మీద చూసి రాశారని చెప్పేసరికి, పులిహోర కమిటీ వాళ్ళు చాలా సంతోషించారు. ఒక పెద్దాయన మాత్రం నిజాయితీగా, "ప్లాంటు మీద పేర్ల పలక ఉంటుందండీ. కాలువకు పలక ఎక్కడ పెడతాం?" అన్నారు. ఓట్లు వేస్తే 14కు 11. ప్లాంటు వైపు 11.

అంచేత రెండో ప్లాంటుకు చందా పోతుంది. మిగతా వాటికి మేము, మాతో చెయ్యెత్తినవాళ్ళూ విడిగా పోగుచేస్తున్నాం. ఇష్టమున్నవారు కోశాధికారి గారికి చెప్పొచ్చు. వానమాపకం ఇప్పటికే పంపాం, 8వ తరగతి పిల్లలు చూసి రాస్తున్నారు. పోయిన ఆదివారం పంతులుగారు ఫోను చేశారు. "రాత్రి 38 మిల్లీమీటర్లు కొట్టింది సార్, మంచి వాన. చెర్లకు మాత్రం చుక్క రాలే."